నా కాళ్ల జబ్బు, నాయన మొక్కు

ఆ రోజు చెప్పు ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. వెనక వస్తున్న ఒకావిడ పిలిచి చెప్పేదాకా ఒంటి చెప్పుతో రాళ్ల మీద నడుస్తూనే ఉన్నాను. కిందికి చూసుకుంటే మడమ దగ్గర తెగి రక్తం కారుతోంది. నొప్పి లేదు. ఎండకు తిమ్మిరెక్కిందేమో అనుకుని చెప్పు తొడుక్కున్నాను.

మాది వజ్రకరూరు దగ్గర పల్లె. తొలకరి వానలు పడితే మా పొలాల్లోకి జనం దిగుతారు. వాన కడిగిన మట్టిలో వజ్రం కనబడుతుందని ఎక్కడెక్కడి నుంచో వచ్చి, పట్టలతో గుడారాలు వేసుకుని, పొద్దంతా తల వంచుకుని తిరుగుతారు. నేను మా సంఘంలో సువార్త సేవకురాలిని. ఏటా వాళ్ల మధ్య కరపత్రాలు పంచుతూ యేసయ్య గురించి చెబుతాను. తల వంచుకున్నవాళ్లకు చెప్పడం తేలిక, వాదనకు దిగరు.

మా నాయన కూడా అక్కడే గట్టు మీద కూర్చుని ఉంటాడు. రాళ్లు వెతకడానికి కాదు, వెతికేవాళ్లను చూసి నవ్వుకోవడానికి. ఆయనకు తెలియని మొక్కు లేదు, ఎక్కని కొండ లేదు. నేను హాస్టల్లో చదువుకునేటప్పుడు యేసయ్యను నమ్ముకుని కరుణ అని పేరు పెట్టుకున్నా, ఆయన నన్ను ఇప్పటికీ పాత పేరుతో మారెక్క అనే పిలుస్తాడు. అమ్మ పోయాక మా వీధిలోనే ఒక గదిలో ఉంటున్నాడు. అన్నం తీసుకెళ్లిన ప్రతిసారీ సువార్త కూడా తీసుకెళ్లేదాన్ని.

"నువ్వు చెప్పల్ల, నేను ఇనల్ల. ఇన్నాలే మ్మా, పో," అనేవాడు.

మా సంఘంలో నేర్పేది ఒకటే. రక్షణ దేవుని పని, ఆయన ఎవరిని ఏర్పరచుకున్నాడో వాళ్లే వస్తారు, మనం చెప్పడం వరకే. ఆడవాళ్ల కూడికలో ఈ పాఠం నేనే చెప్పేదాన్ని. కానీ నాయన విషయంలో నాకు భయం. ఆయనకు వయసు మీద పడుతోంది. నమ్మకుండానే పోతే పరలోకంలో నేను ఆయన్ను చూడను. ఈ మాట తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

చెప్పు ఊడిన మరునాటికి రెండు పాదాలూ మొద్దుబారాయి. చీమలు పాకుతున్నట్టు ఆ మొద్దుతనం పిక్కల దాకా వచ్చింది. ఊళ్లో సూదులేసే డాక్టరు చూసి, "రక్తం తక్కువ, బీ12 లేదు," అని ఇంజెక్షన్ వేశాడు. సంఘం ఆడవాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. మోకాళ్ల కింద ఎవరి చెయ్యి ఎక్కడుందో నాకు తెలియలేదు. ఆ మరుసటి రోజు మంచం దిగబోయి కింద పడ్డాను. లేవలేకపోయాను.

మా ఆయన గుంతకల్లు రైల్వేలో ట్రాక్ పని చేస్తాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, నన్ను ఎత్తి ఆటోలో వేసి, అనంతపురంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి న్యూరాలజీ డాక్టరు చిన్న సుత్తితో నా మోకాళ్ల మీద కొట్టారు. కాలు ఎగరలేదు. మోచేతుల మీద కొట్టారు, అక్కడా అంతే.

"ఈ మధ్య విరేచనాలు అయినాయామ్మా?" అని అడిగారు.

అయ్యాయి. కొత్త నీళ్లు వచ్చినప్పుడు ఊళ్లో సగం మందికి అయ్యాయి.

ఎన్‌సీఎస్ అని నరాలకు కరెంటు పెట్టే టెస్టు చేశారు. వెన్నులోంచి నీరు తీశారు, దాన్ని ఎల్‌పీ అంటారు. సాయంత్రానికి డాక్టరు వచ్చి చెప్పారు. "దీని పేరు జీబీఎస్. పక్షవాతం కాదు. నీ ఒంట్లో ఇమ్యూనిటీ దారి తప్పి నీ నరాల మీదే పడింది. చాలామంది కోలుకుంటారు. కానీ పైకి పాకుతోంది, ఊపిరి దగ్గరికి రాకుండా చూడాలి."

"ఊళ్లో అంతమందికి విరేచనాలైతే నాకొక్కదానికే ఎందుకొచ్చింది సార్?"

"అది మాకు తెలియదమ్మా. ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో ముందుగా ఎవరూ చెప్పలేరు."

ఇంచుమించు ఇదే మాట నేను కూడికలో చెప్పేదాన్ని, రక్షణ గురించి. అక్కడ ఆ మాట చెప్పి హాయిగా పాట ఎత్తుకునేదాన్ని.

ఐవీఐజీ అనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్క గుక్కలో ఎంతదాకా అంకెలు లెక్కపెట్టగలనో సిస్టర్లు మాటిమాటికీ చూసేవాళ్లు. పొద్దున వచ్చినన్ని సాయంత్రం రాలేదు. ఐసీయూకి మార్చి, గొంతులో గొట్టం వేసి, వెంటిలేటర్ పెట్టారు. కొన్నాళ్లకు మెడ దగ్గర కోసి, అక్కడినుంచే ఊపిరాడేలా ట్రాకియాస్టమీ చేశారు. అప్పటికి నాలో కదిలేవి కనురెప్పలే. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు.

అక్కడ ఎలా గడిచిందని చాలామంది అడుగుతారు. నిజం చెప్పాలంటే ఎలాగూ గడవలేదు. ప్రభువు పక్కనే ఉన్నట్టు అనిపించిందా అంటారు. లేదు. వదిలేసినట్టు కూడా అనిపించలేదు. ఒళ్లు ఎలా ఉందో లోపల కూడా అలాగే ఉంది. పాస్టరయ్య వచ్చి, "కరుణమ్మా, నమ్ముతావుండావా?" అంటే ఒకసారి రెప్ప వేశాను. అది అలవాటుగా పడిన రెప్ప. నాకున్న ఆలోచన ఒక్కటే. నేను ముందు పోతే నాయనకు చెప్పేవాళ్లు ఉండరు.

నాయన ఒక్కసారే లోపలికి వచ్చాడు. సిస్టరు ఇచ్చిన గౌను తిరగేసి తొడుక్కున్నాడు. మంచం చుట్టూ చూసి, ఊపిరి ఆడిస్తున్నది ఆ మిషనే అని తెలుసుకుని, వెంటిలేటర్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టి బయటికి పోయాడు.

పక్క మంచం మీద ఒక అమ్మాయి ఉండేది. నాకంటే చాలా చిన్నది, నా జబ్బే, నా మందులే. వాళ్లూ క్రైస్తవులే. వాళ్ల పాస్టరూ వచ్చేవాడు, వాళ్ల సంఘమూ ఉపవాసం ఉంది. మా ఇద్దరికీ వెంటిలేటర్ మీద ఉండగా న్యుమోనియా పట్టింది. నాది తగ్గింది. ఆ అమ్మాయి చనిపోయింది. వాళ్లమ్మ ఆ పిల్ల తలపిన్నులు ఏరుకుని పోవడం చూశాను. ఏడవాలని తెలుసు కానీ ఏడుపు రాలేదు.

తర్వాత మెల్లగా నా వేళ్లు కదిలాయి. వెంటిలేటర్ తీశారు, మెడ మీద కంత మూసుకుంది, గొంతు బొంగురుగా తిరిగి వచ్చింది. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ నన్ను బల్లకు కట్టి నిలబెట్టేవాడు. నేను విసుక్కుంటే డాక్టరు నవ్వేవారు. "నరం తన ఇష్టప్రకారమే పెరుగుతుందమ్మా. నువ్వు తొందరపడితే రాదు, నువ్వు ఊరుకుంటే ఆగదు. ఎక్సర్‌సైజు మాత్రం మానకు."

ఇంటికొచ్చాక కూడా వాకర్‌తోనే చాలాకాలం గడిచింది. కుడి పాదం వేలాడేది, ఫుట్ డ్రాప్ అన్నారు. దానికి ఏఎఫ్ఓ అని ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. పాదాల్లో స్పర్శ రాలేదు. అయినా వాకర్ వదిలి వాకిలి దాకా నడిచిన రోజు మా ఆయన ఏడ్చాడు. నాయన చూసి, "నడిసిందప్పా," అని గబగబా బయటికి పోయాడు.

సంఘంలో ఒక పద్ధతి ఉంది. జబ్బు నుంచి లేచినవాళ్లు ఆదివారం ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. నన్ను అడుగుతూనే ఉన్నారు, నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. ప్రభువు నన్ను లేపాడని చెప్పడానికి నోరు తెరిస్తే ఆ తలపిన్నులు ఏరుకున్న తల్లి ఎదురుగా కూర్చున్నట్టు ఉండేది.

నేను వాకిలి దాకా నడిచిన తర్వాతి ఆదివారం, పాట జరుగుతుండగా నాయన చర్చి గుమ్మంలో కనబడ్డాడు. నున్నగా గుండు, మీసం కూడా లేదు, మాడు మీద గంధం. చేతిలో తువ్వాలు మూట. చెప్పులు విడిచి, నేరుగా పాస్టరయ్య దగ్గరికి పోయి మూట విప్పాడు. లోపల ఆయన జుట్టు.

"ఈటిని యాడ పెట్టల్ల సామీ?"

పాట ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. సంఘ పెద్ద ఒకాయన లేచి, "ఏమప్పా, ఇదేమన్నా కొండ అనుకుంటివా?" అని గట్టిగానే అన్నాడు.

నాయన తొణకలేదు. "నా కూతురు లేసి నడిస్తే యేసయ్యకు ఎంటికలిస్తా, ఆయన నీళ్లల్లో మునుగుతా అని ఆస్పత్రి కాడ మొక్కుకోనుంటి. నడిసింది. ఇంగ నా వంతు."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట నాయన నోట వచ్చింది, అది వచ్చిన తీరు చూసి నేలలోకి దిగిపోవాలనిపించింది.

కూడిక అయ్యాక పెద్దలు వాదించుకున్నారు. ఇది బేరమే కానీ విశ్వాసం కాదని సంఘ పెద్ద. వచ్చినవాణ్ణి తోలెయ్యగలమా అని పాస్టరయ్య. చివరికి పాస్టరయ్య నా వైపు తిరిగారు. బాప్తిస్మానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, సిద్ధంగా ఉన్నారో లేదో చెప్పడం మా సంఘంలో నా పనే. "అందరికీ చేసినట్టే చెయ్ కరుణమ్మా. కాదంటే కాదు," అన్నారు.

మరునాడు నాయన గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. పాపం అంటే ఏమిటి, యేసయ్య ఎందుకు చనిపోయాడు, అన్నీ అడిగాను. సగానికి తప్పు చెప్పాడు. చివరికి నాకు కావలసిన ప్రశ్న అడిగాను.

"నాయనా, నేను నడవకుండా సచ్చింటే?"

"ఎంటికలిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు వెంటనే. "మొక్కు తీరల్యా గదా."

"అయితే ఆయనతో నీకు పనే ఉండేది కాదు."

"ఎందుకుండదు? నా బిడ్డను ఎందుకు తీసకపోతివని అడగల్ల గదా. కొట్లాడల్ల గదా. ఆయనతోనే కొట్లాడేవాణ్ణి. ఇంగెవురి కాడికి పోతా?"

"నీ దేవుళ్లు అంతమంది ఉండారు గదా."

నాయన గుండు తడుముకున్నాడు. "ఆ పొద్దు వాళ్లెవురూ నోటికి రాల్యా. ఈయనే వచ్చినాడు. ఎందుకో నాకూ తెల్దు మ్మా."

"నేను చెప్పినవి గుర్తొచ్చినాయా?"

"నువ్వు చెప్పినేటివి ఒక్కటీ గ్యాపకం లేదు. నువ్వు మాట్లాడకుండా పండుకోనుంటివి చూడు, అప్పుడు వచ్చినాడు."

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు అన్నంతో పాటు మోసుకెళ్లిన మాటలు ఒక్కటీ గ్యాపకం లేదట. ఆ కోపం కాసేపు ఉండి పోయింది. అది పోయాక, నాయన గురించి నేను మోస్తున్న భయం కోసం లోపల వెతుక్కున్నాను. అది కూడా లేదు. సంతోషం అయితే రాలేదు. బరువు దించినట్టు మాత్రం ఉంది.

పాస్టరయ్యకు, "బాప్తిస్మం ఇవ్వండి," అని చెప్పాను.

"ఆయనది నిజమైన విశ్వాసమేనంటావా?"

"తెలియదయ్యా. అది తేల్చడం నా పని కాదు."

మా దగ్గర ఏరు లేదు, చెరువు ఎండి ఉంది. ఒక విశ్వాసి తోటలో బోరు నీళ్లు నింపే సిమెంటు తొట్టి ఉంది, బాప్తిస్మాలు అందులోనే. కరెంటు ఉన్నంతసేపు నీళ్లు పట్టారు. తొట్టి దగ్గర ముందు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. "నాకు జబ్బు వచ్చింది. డాక్టర్లు మందులిచ్చారు, మీరు ప్రార్థన చేశారు, నడుస్తున్నాను," అన్నాను. ఎవరో అలవాటుగా హల్లెలూయా అన్నారు. "నా పక్క మంచం మీది అమ్మాయికీ ఇవన్నీ చేశారు. ఆమె లేదు. ఎందుకో నాకు తెలియదు," అని కూర్చున్నాను. అప్పుడు నాయన పంచె ఎగ్గట్టి తొట్టిలోకి దిగాడు, మునిగాడు, దగ్గుతూ లేచాడు.

ఇప్పుడు నాయన మాతోనే ఉంటున్నాడు. నేను పట్టీ కట్టుకుని నెమ్మదిగా నడుస్తాను. తొలకరికి మళ్లీ పొలాలకు వెళ్లాను, గట్టు మీద కూర్చుని, దగ్గరికి వచ్చినవాళ్లకే చెప్పాను. మునుపటికంటే తక్కువ మాట్లాడతాను. ప్రార్థన చేస్తున్నా లోపల ఇంకా పెద్దగా ఏమీ అనిపించదు. పాదాలూ అంతే, స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు.

నాలాగా కాళ్లు మొద్దుబారినవాళ్లకు ఒక్కటే చెబుతాను. నీళ్లు కాలుతున్నాయో లేదో మీ కాలితో చూసుకోకండి. కాపడం పెట్టుకోబోయి ఒకసారి నేను పాదం బొబ్బలెక్కించుకున్నాను, తోలు ఊడేదాకా తెలియలేదు. స్పర్శ ఉన్నవాళ్ల చెయ్యి ముందు పెట్టించండి. మా ఇంట్లో ఆ పని నాయనది. బక్కెట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కలిపి చూసి, "సరిపోయినాయి మారెక్కా, పోసుకో," అంటాడు. నాకేమీ తెలియదు. ఆయన మాట నమ్మి పోసుకుంటాను.