కొబ్బరికాయ లేచిన చోటు

తన బావి ఎండిపోతుందని తెలిసే ఆయన మాకు ఆ చోటు చూపించారా? రెండేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. ఎప్పుడో ఒకసారి ఆయన్నే అడుగుదామనుకున్నాను. మొన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే మా వాచ్‌మన్ కారు ఆపి, "మేడమ్, బావి తాత పోయిండు" అన్నాడు.

నార్సింగిలో మా అపార్ట్‌మెంట్ ప్రహరీ అవతల ఆయనది అరెకరం. చుట్టూ పొలాలన్నీ టవర్లయ్యాక మిగిలిన ముక్క. తోటకూర, పాలకూర, కొత్తిమీర వేసేవారు. మధ్యలో రాతికట్టు బావి. వారానికోసారి తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలేవారు. రాయి నీళ్లను తాకగానే, గట్టు దగ్గర తాడుకు ఒక ముడి. వానలు మొహం చాటేసిన ఏడాది, ముడికీ ముడికీ ఎడం పెరుగుతూ పోయింది.

"మా చిన్నప్పుడు మూసీల చేత్తోని ఇసుక తోడితే తాగేటి నీళ్లొచ్చేది. ఇప్పుడు మోరీ నీళ్లే" అనేవారు, ఎవరి మీదా కోపం లేకుండా.

ఆ ఎండాకాలం మా బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్లు రావడం మానేశాయి. అడగకముందే గోడ మీదుగా పైపు అందించారు. "పట్టుకోరి. పిల్లలు బడికి పోవాలె గద." పది రోజులు ఆయన బావి నీళ్లే తాగాం.

తర్వాత యంత్రాలతో వచ్చినవాళ్లు చెప్పిన రెండు చోట్లా బోరు వేయిస్తే దుమ్ము లేచింది. అసోసియేషన్ సెక్రటరీని నేనే. ఆయన దగ్గరికి వెళ్లాను. "తాతగారూ, మీరు నీళ్లు చూస్తారటగా అండీ?"

"గారూ గీరూ ఏంది బిడ్డా, నేనేమన్న కలెక్టర్నా?" అని నవ్వి, చెప్పులు విడిచి వచ్చారు.

అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని మా పార్కింగంతా నడిచారు. ప్రహరీ పక్కకి రాగానే కాయ లేచి నిలబడింది. ఆయన గోడ వైపు చూశారు. మళ్లీ గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇంకో చుట్టు తిరిగారు. కాయ మళ్లీ అక్కడే లేచింది.

"ఈడనే ఉంది. ఏస్కోరి."

ఆ రెండో చుట్టు ఎందుకు తిరిగారు? అది ఆయన అలవాటా, ఇంకెక్కడైనా లేస్తుందేమోనన్న ఆశా? గోడ భూమి లోపలిదాకా ఉండదని తెలిసేంత చదువు నాకూ ఉంది. అయినా ఒక్క మాట అడగలేదు. అక్కడే బోరు వేయమని సంతకం పెట్టేశాను.

మాకు నీళ్లు పడ్డాయి. నెల తిరక్కముందే ఆయన బావి అడుగంటింది, మడులు ఎండాయి. నేను తలెత్తి చూడలేకపోతే, "ఫికర్ జెయ్యకు. వాన పడ్తే మల్ల ఊర్తది" అన్నారు. వాన సరిగ్గా పడలేదు. ఈ ఏడు మా బోరు కూడా పోయింది. ఎవరి నీళ్లూ ఎవరికీ మిగల్లేదు.

నిన్న పరామర్శకు వెళ్తే ఆయన కోడలు చెప్పింది: "ఎండినంక గూడ రాయి ఇడుసుడు మానలేదమ్మా."

తిరిగి వస్తూ బావి దగ్గర ఆగాను. తాడు గట్టు మీదే చుట్టి ఉంది. రాయి కిందికి వదిలాను. ముడులు ఒక్కొక్కటే వేళ్లకు తగులుతూ జారాయి. ఆఖరి ముడి దాటాక ఎక్కడో అడుగున రాయి రాతికి తగిలింది.

తెలిసే చూపించారా, తెలియకా? ఏది నిజమైతే నాకు తక్కువ సిగ్గో, అది కూడా తేల్చుకోలేకపోతున్నాను.