మాస్టారి టెస్టు క్యాసెట్

మా మాస్టారు పోయారని మొన్న గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది. వార్త చెప్పిన మనిషి ఇంకేదో అంటూనే ఉన్నాడు. నాకు మాత్రం ఎర్రంచు మధుపర్కం ఒకటి కళ్లముందు నిలబడింది. ఎందుకో చెబుతాను.

పెళ్లి క్యాసెట్లను సీడీలుగా మారుస్తున్న రోజులవి. గుడివాడలో మా స్టూడియో పైనే మాస్టారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. నాకు లైనక్స్ నేర్పింది ఆయనే. ఏదైనా పనిచేయకపోతే నేను ముందు తిట్టేదాన్ని. "అది ఏం చెబుతోందో చదువమ్మాయ్. తిట్లకి తర్వాత తీరిక ఉంటుంది" అనేవారు.

ఒకరోజు మంగినపూడి దగ్గర్నుంచి ఒకామె క్యాసెట్ తెచ్చింది. సముద్రం మీద చేపల వేటకెళ్లిన భర్త తిరిగి రాలేదు. ఆడపడుచు పెళ్లి క్యాసెట్లో తప్ప ఆయన కదిలే బొమ్మ ఇంకెక్కడా లేదు. ఉప్పుగాలికి టేపంతా బూజు పట్టింది. మాస్టారు తుడవగలిగినంత తుడిచి, "ఇది ఒక్కసారే ఆడుతుందమ్మా. ఆ ఒక్కసారికి మన కంప్యూటర్ సిద్ధంగా ఉండాలి" అన్నారు.

సిద్ధంగా లేదు. వీసీఆర్‌లోని బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు కొత్తది. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ఎక్కింది గానీ తెర నల్లగానే ఉంది. పరీక్షకి ఆమె క్యాసెట్ పెట్టే ప్రసక్తే లేదు. ఒకరి టేపుతో ప్రయోగాలు చేయడం ఆయనకి గిట్టదు. ఎప్పుడూ తన పెళ్లి క్యాసెట్టే పెట్టేవారు, అదీ తలంబ్రాల దగ్గర. ఆయన భార్యని నేను అక్కయ్యగారు అనేదాన్ని. ఆవిడ మధుపర్కం తెల్లగా, అంచు ఎర్రగా కనిపిస్తే రంగులు కుదిరినట్టు లెక్క.

డ్రైవర్ ఇచ్చిన మెసేజీలు చదివారు. మా కార్డును అది వేరే రకం అనుకుంటోంది. డ్రైవర్ దింపి, కార్డు రకాన్ని చెప్పే నంబరు మార్చి, మళ్లీ ఎక్కించాం. నలుపే. ఇంకో నంబరు. ఈసారి బొమ్మ వచ్చింది, రంగు లేకుండా, పైకి పరుగెడుతూ. "మన వీడియో పద్ధతి పాల్. ఇది అమెరికా పద్ధతిలో చూస్తోంది" అని సరిచేశారు. బొమ్మ నిలబడింది, అంచు మాత్రం నీలంగా ఉంది.

ఆమె బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె ఎక్కాల్సిన బందరు బస్సు టైమవుతోంది.

"చాల్లెండి మాస్టారూ, మనిషి కనిపిస్తే చాలదా" అన్నాను.

"నీలం మొహంతో పంపుతావా ఆయన్ని ఇంటికి?" అన్నారు టైపు చేస్తూనే.

ఎరుపు, నీలం తారుమారైన సెట్టింగు దొరికింది. అంచు ఎర్రబడింది.

అప్పుడు ఆమె క్యాసెట్ పెట్టారు. టేపు కీచుమంటోంది, తెర మీద గీతలు. పందిట్లో కుర్చీలు సర్దుతున్న మనిషి ఇటు తిరిగి నవ్వాడు. "అదిగోండి, మా ఆయన" అంది ఆమె. కాసేపటికి టేపు తెగింది. ఆయన మాత్రం అప్పటికే కంప్యూటర్లోకి వచ్చేశాడు. నేను ఏడ్చేశాను. మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

మొన్న ఫోన్ వచ్చాక పరామర్శకి వెళ్తే అక్కయ్యగారు తమ పెళ్లి క్యాసెట్ నా చేతిలో పెట్టారు, ఒకసారి చూపించమని. అందరి పెళ్లిళ్లూ సీడీ చేసిన మనిషి తనది చేసుకోనేలేదు. వీసీఆర్‌లో పెట్టాను. మిగతా టేపు బాగానే ఉంది. తలంబ్రాల దగ్గర మాత్రం, మా పరీక్షలకే అరిగిపోయి, మనుషులు కనిపించలేదు. తెర నిండా తెల్లటి చుక్కలు రాలుతున్నాయి.

ఆపబోయాను. అక్కయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉంచమ్మా. ఇంకా పోస్తూనే ఉన్నారు."