గీత ఎక్కడ గీయాలి?

మా మేడమ్ పోయారన్న కబురు నాకు బిట్రగుంట దాటిన రైల్లో అందింది. ఫోన్ చేసింది ఆవిడ చెల్లెలు. "అక్క తెల్లారుజామున పోయింది మా. ఆసుపత్రి నుంచి గూడూరికే తీసుకొస్తా ఉండాం" అంది. నేను నెల్లూరులో దిగాల్సింది. దిగలేదు. కూర్చోబుద్ధి కాక గూడూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. యూనివర్సిటీలో వాతావరణ మార్పుల మీద పరిశోధన చేసేవారు. రాబోయే కాలంలో సముద్రం ఎంత పైకొస్తుంది, తుఫానులో ఉప్పెన మన తీరంలో ఎంత లోపలికి పాకుతుంది అని కంప్యూటర్ మోడల్‌తో అంచనా కట్టడం ఆవిడ పని. నేను ఆవిడ దగ్గరే పీహెచ్‌డీ చేశాను. స్థిమితంగా కూర్చునే మనిషి కాదు. పాఠం చెబుతూ కిటికీకీ బోర్డుకీ మధ్య తిరుగుతూనే ఉండేవారు. టీ చల్లారిపోయేది. ఆ చల్లారిందే గడగడా తాగేసేవారు.

ఒకసారి అధికారులు తీరం ఊళ్ళకు ప్రమాద పటం చేసిమ్మన్నారు. తుఫాను హెచ్చరిక వస్తే ఎవరిని ఖాళీ చేయించాలో అది చెప్పాలి. మోడల్ నడిపిన ప్రతిసారీ నీళ్ళు ఒక్కోచోట ఆగాయి. ఒకసారి ఇసుక దిబ్బల దగ్గర, ఇంకోసారి రొయ్యల చెరువులు దాటి బడి దాకా. సగటు తీసి, ఖాళీ చేయించాల్సిన చోటికి హద్దు గీత మధ్యలో గీద్దామన్నాను నేను.

"మధ్యలో గీస్తే న్యాయం జరిగిపోతుందా అమ్మాయ్?" అన్నారు. "గీత ఊరి వైపు జరిపితే జనం ఉత్తపుణ్యానికి ఇళ్ళొదిలి పోవాల్సి రావచ్చు. సముద్రం వైపు జరిపితే మనుషులే మునగచ్చు. ఏ తప్పు ఎక్కువ చెడ్డదో మోడల్‌కి తెలీదు. ఎంచుకునేది మనం. ఆ సంగతి చెప్పాలి గదా."

బడి కూడా లోపలికొచ్చేలా, దానికి అవతల ఊరి వైపు గీశారు. నివేదిక మొదట్లోనే రాశారు: ఇది ఖాయం కాదు, ప్రాణాలు పోవడం కన్నా ఊరికే కదలడం నయమనుకుని ఇక్కడ గీశాం అని. "ఇట్ట రాస్తే ఎవురు నమ్ముతారు మేడమ్, తీసేయండి" అని ఒక అధికారి విసుక్కున్నాడు. ఆవిడ తీయలేదు.

ఆ తర్వాత వచ్చిన హెచ్చరికకు, పటం ప్రకారం ఒక జాలర్ల ఊరిని ఖాళీ చేయించారు. తుఫాను ఉత్తరానికి మళ్ళిపోయింది. జనం తిరిగొచ్చేసరికి ఒడ్డున వదిలిన పడవల ఇంజన్లను దొంగలు ఎత్తుకుపోయారు.

ఎంత వద్దన్నా వినకుండా మేడమ్ ఆ ఊరు బయల్దేరారు. నేనూ వెళ్ళాను. చేపలు ఎండబెడుతున్న ఒకామె మమ్మల్ని చూసి లేచింది.

"మీరేనా గీత గీసింది? గాలీ రాలా, నీళ్ళూ రాలా. మా ఇంజను మాత్రం పోయింది. యాడ నుంచి తెచ్చేది?"

"నా అంచనా తప్పింది మా." అన్నారు మేడమ్. "కానీ మళ్ళీ అడిగితే మళ్ళీ పొమ్మనే చెప్తా."

"పొమ్మంటే పోతాం. పిలకాయలు ఉండారు గదా. మీ తప్పుకి నష్టం మేమే పడాల్నా? ఇంజన్లు తోలుకుపోయేదానికి ట్రాక్టర్లు పంపించమనండి."

తిరుగు దారిలో మేడమ్ అన్నారు: "ప్రాణాలు చూశాం. బతుకుతెరువు చూడలేదు." ఆ తర్వాత ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మరుసటి తుఫానుకి ట్రాక్టర్లు వచ్చాయి. ఆ చేపల ఆవిడే ముందు తన ఇంజను ఎక్కించింది. ఈసారి ఉప్పెన వచ్చింది. చెరువుల్ని ముంచి, బడి దాకా రాకుండా ఇవతలే ఆగింది.

"అయితే మన గీత ఒప్పేనా మేడమ్?" అని అడిగాను.

"ఏమో. వచ్చేసారి కూడా అక్కడే ఆగుతుందని ఎవరు చెప్పినారు?"

చివరిసారి ఆసుపత్రిలో కలిసినప్పుడు నా కొత్త పటం చూపించాను. మునుగుతుందో లేదో తేలని చోటుకి పసుపు రంగు వేశాను. ఆవిడ వేలు అక్కడే ఆగింది. "ఇక్కడ ఎవరున్నారు?"

"ఇంకా వెళ్ళలేదు మేడమ్."

"మరి రంగెట్ట వేసినావు?"

అంత్యక్రియల మర్నాడు ఆటో ఎక్కి, పటంలో పసుపు రంగు వేసిన ఆ చోటికి వెళ్ళాను. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఒక కొత్త ఇల్లు నడుమెత్తు దాకా లేచింది. ఒకామె చెంబుతో గోడలు తడుపుతోంది.

"ఎవురు కావాలి మా?" అంది.

సంచిలోంచి నా పటం తీసి విప్పాను. ఆమె తడుపుతూనే ఉంది. నీళ్ళు ఇటుకల మీంచి జారి, నా చెప్పుల దాకా వచ్చి ఇసుకలో ఇంకిపోయాయి.