ఓడెక్కని చిన్న రసాల కోసం చాట్రాయి దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. "అయ్యగారూ, చిన్న రసాల మామిడి చెట్లకు వచ్చే వారం తల కోయించేస్తున్నామండీ. తినాలనుంటే ఇప్పుడే రండి" అన్నాడు చాట్రాయి రైతు రంగారావు. వయసులో ఉండగా నేను సైకిల్ మీద సువార్త చెబుతూ ఆ పల్లెల్లో తిరిగేవాణ్ణి. రంగారావు వాళ్ళమ్మ నన్ను ఆ చెట్ల కింద కూర్చోబెట్టి, పండు మెత్తగా పిసికి చేతికిచ్చేది. రసం మోచేతి దాకా కారి, నా బైబిలు అట్ట మీద మరక కట్టింది.

విజయవాడలో ఆరున్నరకు ఎక్కిన బస్సు ఎనిమిది దాటాక నూజివీడులో దింపింది. ఇడ్లీ తిని విస్సన్నపేట బస్సెక్కాను. అక్కణ్ణుంచి షేర్ ఆటో. రానూపోనూ మూడొందలుంటే చాలు. "దారి పొడుగునా అన్నీ బంగినపల్లేనా బాబూ?" అని డ్రైవర్‌ని అడిగాను. "రసాలు ఇంకెవరు వేస్తారండీ? తోలు పలచన. ఓడెక్కేలోపే చితికిపోతాయి" అన్నాడు.

తోటలో రంగారావు సంగతి చెప్పాడు. రసాల చెట్టు తల కోసి బంగినపల్లి అంటు కడితే ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. కాయలకు తొడిగే కాగితం కవర్లు కూడా సగం ధరకే. విదేశాలకు పోయే కాయకే ఆ సాయమంతా.

నా రక్తం ఉడికిపోయింది. "పొలం అంచులు కోయకుండా పేదలకు వదలమన్నాడు దేవుడు! మనమేమో మన నోటి దగ్గరి పండు తీసి దూరదేశం బల్ల మీద పెడుతున్నాం. ధనిక రాజ్యాలు తమ రైతు ఏది పండించినా భుజాన మోస్తాయి. మనవాణ్ణి మాత్రం వాళ్ళకు నచ్చింది పండిస్తేనే మన ప్రభుత్వం మోస్తుందా?"

రంగారావు భార్య సీత తలమీది బుట్ట దించింది. "ప్రసంగం బాగుందండీ. మరి మా అమ్మాయి కాలేజీ ఫీజు ఈ రసాలతో కట్టమంటారా? ఏటా సగం కాయ చితికి పారబోస్తున్నాం. మీరు తినేసి వెళ్ళిపోతారు. ఉండేది మేం కదా."

"రేపు ఆ దేశాలవాళ్ళు కొనకపోతేనో?"

"నాకూ ఆ భయం ఉందండీ. కాకపోతే ఈ రసాలు ఇప్పుడే ఎవరూ కొనట్లేదు. కోపం తర్వాత పడుదురుగాని, ముందు ఇది తినండి" అంటూ పండు పిసికి నా చేతిలో పెట్టింది. తొడిమ కొరికి, రసం మోచేతి దాకా కారుతుంటే జుర్రుకున్నాను.

తిరుగు బస్సులో చాలాసేపు ఆలోచించాను. సబ్సిడీని వేదికెక్కి తిట్టడం తేలిక. అది ఆ ఇంటికి నిజంగా ఆసరా. మన నోటినుంచి ఒక రుచిని తీసుకుపోతున్నదీ అదే. రెండూ నిజమే కాబట్టి ఆ చెట్లను కాపాడమని దేవుణ్ణి అడగలేకపోయాను. ఆ పిల్ల చదువు సాగాలని మాత్రం ప్రార్థించాను.

రసాల చెట్లు ఇంకా మిగిలిన తోటలకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట: మే నెలాఖరులోపే వెళ్ళండి. రసాలు మూటగట్టి తెచ్చుకోవాలని చూడకండి, ఇల్లు చేరవు. చెట్టు కిందే తినండి.