వసంత పేరు చెరిపిన బండి

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. మా అమ్మ శుక్రవారం దిష్టి తీస్తుంటే "మిరపకాయలు దండగ" అని వెక్కిరించేవాడిని. ఇప్పుడు కూడా దయ్యాలు ఉన్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఏ తప్పూ చేయని ఒక ఆడమనిషిని నా మూలంగా స్టేషన్లో పొద్దంతా కూర్చోబెట్టారు. ఆ సంగతి నేను ఎవరితోనూ పూర్తిగా చెప్పలేదు. పూర్తిగా చెప్పాలంటే ఆ ఫోన్ సంగతి కూడా చెప్పక తప్పదు.

తిరుపతిలో బస్టాండుకు కొంచెం అవతల నాకు బైకుల స్పేర్ పార్టుల అంగడి ఉంది. నాలుగేళ్ల కింద అలిపిరి దగ్గర నా బండి పెట్టి కొండకు నడిచిపోయాను. దర్శనం చేసుకుని దిగి వచ్చేసరికి బండి లేదు. రెండు నెలలకు, పాత బండ్లు అమ్మే యాప్‌లో అదే బండి కనబడింది. నేనే గుర్తుపట్టాను, నేనే పట్టించాను. అప్పటినుంచి అదొక పిచ్చిగా తయారైంది. బేరం లేనప్పుడల్లా ఫోన్లో అమ్మకానికి పెట్టిన బండ్ల ఫోటోలు చూస్తూ కూర్చునేవాడిని. అనుమానం వస్తే, బండ్లు పోగొట్టుకున్నవాళ్లం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడిని. సొంతదారు దొరికితే స్టేషన్‌కు చెప్పేవాడిని. అలా కొన్ని బండ్లు నిజంగానే దొరికాయి, ఆ మాట కాదనను.

దొంగ బండికి గుర్తులుంటాయి. నంబరు ప్లేటు కనబడకుండా ఫోటో తీస్తారు. ధర మరీ తక్కువ పెడతారు. వీటన్నిటికంటే నేను గట్టిగా నమ్మిన గుర్తు ఇంకొకటి ఉండేది. మా వైపు బండి కొన్నవాళ్లు ముందు కాణిపాకం తీసుకుపోయి పూజ చేయిస్తారు. తర్వాత ట్యాంకు మీద దేవుడి పేరో, బిడ్డ పేరో, పెళ్లాం పేరో స్టిక్కరు వేయిస్తారు. ఆ పేరును సొంతదారు ఎవడూ పీకడు. స్టిక్కరు పీకినా, దాని కింద ఎండ తగలని రంగు అక్షరాల ఆకారంలోనే మిగిలిపోతుంది. పేరు పీకిన బండి దొంగ బండే అని గ్రూపులో అందరికీ పాఠాలు చెప్పేవాడిని.

చేసిన మంచి చెప్పుకుంటే పోతుందంటారు. నేను చెప్పుకోని రోజు లేదు. ఒకసారి స్టేషన్లో శాలువా కప్పితే ఆ ఫోటో కట్టించి అంగట్లో నా కుర్చీ పైన తగిలించుకున్నాను. ఈమధ్యే తీసేశాను.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం అలాంటి బండే కనబడింది. నల్ల బండి, చిత్తూరు దగ్గర ఊరు. ధర తక్కువ. ప్లేటు మీద గుడ్డ కప్పి ఉంది. ట్యాంకు మీద పేరు చెరిపిన గుర్తు. ఫోటో ఎంత పెద్దది చేసి చూసినా మొదటి అక్షరం 'వ' అని తప్ప మిగతాది తెలియలేదు. ట్యాంకు కనబడని ఫోటో ఒకటి ఏరి "గుర్తుపట్టినవాళ్లు ఫోన్ చేయండి" అని నా నంబరుతో గ్రూపులో పెట్టాను. పేరు సంగతి కావాలనే రాయలేదు. ఊరికే నాదేనని వచ్చేవాళ్లను పట్టుకోవడానికి ఒక గుర్తు నా దగ్గర దాచుకోవడం నా అలవాటు.

అరగంటలోపే ఫోన్ వచ్చింది. మగగొంతు. మా వైపు మాటే.

"అన్నా, ఆ బండి నాదే. దాన్ని అమ్మనీయొద్దన్నా" అన్నాడు.

పేరడిగితే దామోదరం అన్నాడు. ఆర్‌సీ తన పేరు మీదే ఉందన్నాడు. ట్యాంకు మీద ఏముండేదో చెప్పమన్నాను. "వసంత అని ఉండాది. నేనే రాయించినా" అన్నాడు. ఇంకో గుర్తు చెప్పమంటే, సీటు కింద బ్యాటరీ పక్కన పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి ఉందన్నాడు.

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? బండి ఎవరో ఎత్తుకుపోయారని ఆయన అనలేదు. నేను అడగనూ లేదు. ఆ సంగతి నాకు తట్టింది చాలా ఆలస్యంగా.

ప్రకటనలోని నంబరుకు కొనేవాడిలా ఫోన్ చేశాను. ఆడమనిషి మాట్లాడింది. బండి తిరుపతికి తెస్తే చూసి అప్పుడే తీసుకుంటానన్నాను. తమ్ముడితో కలిసి తెస్తానంది. తెలిసిన కానిస్టేబులుకు విషయం చెప్పాను. నేను పిలిపించడం, వాళ్లు మఫ్టీలో కాచుకోవడం, ఇది మాకు అలవాటైన పద్ధతే.

మరుసటి రోజు పదకొండు గంటలకు మా వీధి చివర టీ అంగడి దగ్గరికి వచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి ఆమెకు. చేతిలో కాగితాల ప్లాస్టిక్ కవరు. ఆమె తమ్ముడు స్టాండు వేసేలోపే కానిస్టేబులు కాలరు పట్టుకున్నాడు. ఎందుకు సార్ అని అడిగినందుకు చెంప మీద ఒకటి వేశాడు.

ఆమె అడ్డం వచ్చి, "మా ఇంటాయన బండి సార్ ఇది" అంది.

"పట్టుకున్నాక అందరూ అదే చెప్తారు." ఈ మాట అన్నది కానిస్టేబులు కాదు, నేను.

జనం చేరారు. ఫోన్లు తీసి వీడియోలు తీశారు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తప్పు చేసినవాళ్లు ముఖం దాచుకోక ఏం చేస్తారులే అనుకున్నాను. ఆ అనుకున్నది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

స్టేషన్లో కవరు తెరిచి చూశారు. ఆర్‌సీ దామోదరం పేరు మీద ఉంది. ఆయనేడీ అని ఎస్సై అడిగాడు.

"లేడు సార్. పచ్చకామెర్లొచ్చి సచ్చిపోయినాడు. ఏడు నెలలాయె" అంది.

మరణ ధ్రువపత్రం ఇంట్లో ఉందంది. ఆర్‌సీతో సహా కొట్టేసి ఉంటారని నేను ఎస్సైకి చెప్పాను. సొంతదారు బతికే ఉన్నాడు, నిన్న నాతో మాట్లాడాడు, నాది పూచీ అన్నాను. ఆయన చెప్పిన గుర్తు చూపిస్తానని సీటు తీయించాను. బ్యాటరీ పక్కన, ఆయన చెప్పినచోటే, పసుపు గుడ్డ ముడుపు ఉంది. చూశారా అన్నట్టు అందరి వైపూ తిరిగాను. ఆమె ఆ ముడుపును చూసి బిత్తరపోయింది. అది అక్కడ ఉన్నట్టు ఆమెకే తెలియదు.

ఆ సొంతదారుకు ఫోన్ చేయమని ఎస్సై అన్నాడు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి చేశాను. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు చెప్పింది. మళ్లీ చేశాను. అదే మాట.

ఆమె బల్ల మీదనుంచి లేచి వచ్చి నా ఫోన్లోకి చూసింది. తర్వాత తన ఫోన్ తీసి నా ఫోన్ పక్కన పెట్టింది. అంకె అంకె సరిపోయింది. ఆమె ఫోన్లో ఆ నంబరు 'మామ' అని ఉంది.

"ఆయన పొయినాక రీచార్జి చెయ్యలేదన్నా. ఫోను కూడా ఆయనతోనే మట్టిలో పెట్టేసినాం" అంది.

ఇంటి తాళం ఆమె దగ్గరే ఉంది. ఊరినుంచి ఒకరు వచ్చి తాళం తీసుకుపోయి, ధ్రువపత్రం తెచ్చేసరికి సాయంత్రమైంది. అంతసేపూ ఆమె ఆ బల్ల మీదే కూర్చుంది. ఆమె స్టేషన్లో ఉందని ఊరంతటికీ తెలిసిపోయింది. నేను టీ తెప్పిస్తే ముట్టలేదు.

వదిలేసేముందు ఎస్సై అడిగాడు, పేరెందుకు పీకావని.

"ఎవురో కొనుక్కోని పోతారు. నా పేరు పెట్టుకోని ఊర్లన్నీ తిరుగుతారు. అది నాకు బాగలేదు సార్" అంది.

వసంత ఆమె పేరే. నాలుగేళ్లుగా నేను చెప్పిన పాఠాల్లో ఈ కారణానికి చోటు లేదు. ప్లేటు మీద గుడ్డ కప్పమన్నది పక్కింటివాళ్లు. నంబరు అందరికీ కనబడితే మంచిది కాదన్నారట. ధర ఎంత పెట్టాలో ఆమెకు తెలియదు. తడ దగ్గర ఒక కంపెనీలో పని దొరికింది, హాస్టల్లో ఉండాలి, ఇంటి ముందు బండి ఎండకూ వానకూ పాడైపోతుందని అమ్మజూపింది. అసలు సంగతి అంతే.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె తమ్ముడు నా వైపు చూడకుండా బండి తీశాడు. ఆ వీడియో మాత్రం చిత్తూరు దాకా పోయింది. అది చూసిన కంపెనీవాళ్లు ఆమెను పనికి రావద్దన్నారని తర్వాత తెలిసింది.

ఎస్సై నంబరు గురించి విచారించాడు. దాన్ని ఇంకా ఎవరికీ ఇవ్వలేదని సమాధానం వచ్చిందట. దామోదరం స్నేహితుడెవడో ఏదో మాయ చేసి ఆ నంబరుతో ఫోన్ చేసి ఉంటాడని తేల్చేశాడు. ఉండొచ్చు. అలాంటివి చేస్తారని నేనూ విన్నాను. కానీ పెళ్లానికే తెలియని ముడుపు స్నేహితుడికి ఎలా తెలిసింది? చెప్పుకుని ఉండొచ్చు, మగవాళ్లు కూర్చున్నచోట ఏవేవో చెప్పుకుంటారు. మరి వసంతకు తెలిసిన ఆయన స్నేహితులందరినీ ఆమె తమ్ముడు అడిగాడు. ఎవరికీ తెలియదన్నారు. ఆ కాల్ నా ఫోన్లో ఇంకా ఉంది. రెండు నిమిషాలకు కొంచెం తక్కువ.

నెల తిరిగాక వసంత నా అంగడికి వచ్చింది. గొడవకు వచ్చిందనుకున్నాను. గొడవపడినా పడాల్సిందే అనుకుని లేచి నిలబడ్డాను. ఆమె సంచిలోంచి ఆ పసుపు ముడుపు తీసి చేతిలో పట్టుకుంది. విప్పలేదు.

"కాణిపాకం పొయినానన్నా. హుండీలో ఏసెయ్యమన్నాడు అయ్యవారు. చెయ్యి రాలేదు. ఏమి మొక్కినాడో తెలిస్తే అది తీర్చి ఏస్తా. తీర్చకుండా పొయినాడు కదా. ముడుపు సంగతి నాతో కూడా చెప్పలేదు, నీతో చెప్పినాడు. ఎందుకు కట్టినాడో చెప్పినాడా?" అని అడిగింది.

చనిపోయిన మనిషి నాతో ఫోన్లో మాట్లాడాడా లేదా అని ఆమె అడగలేదు. ఆ విషయంలో ఆమెకు సందేహమే లేదు.

ఆ ఫోన్ సంగతి పైన రాసినప్పుడు ఒకటి వదిలేశాను. స్టేషన్లో కూడా వదిలేశాను. ముడుపు ఉందని చెప్పి ఆయన ఆగిపోలేదు. "అది ఎందుకు కట్టినానంటే అన్నా, మా వసంతకు..." అని మొదలుపెట్టాడు. నిదానంగా, మాట మాటకూ ఆగుతూ మాట్లాడే మనిషి. నాకేమో గుర్తు దొరికింది, దొంగ దొరకబోతున్నాడు, వెంటనే కానిస్టేబులుకు చెప్పాలి. "సరే సరే, అవన్నీ తర్వాత. నేను చూసుకుంటాలే" అని ఫోన్ పెట్టేశాను.

తల ఎత్తకుండా ఇదంతా ఆమెకు చెప్పాను.

ఆమె ముడుపును గుప్పిట్లో బిగించుకుంది. తర్వాత, "మా వసంత అన్నాడా?" అని అడిగింది.

అన్నాడన్నాను.

"ఆయనకి మాట నిదానమన్నా. ఒకటి చెప్పల్లంటే నాలుగు సుట్లు తిరిగొచ్చేటోడు. నేనూ అంతే, సగంలోనే లేసి పనికి పొయ్యేదాన్ని" అంది.

ముడుపు మళ్లీ సంచిలో పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ ఫోన్ ఎవరు చేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యమని అనడానికి నోరు రాదు, మనిషే అనడానికి ధైర్యం చాలదు. ఎవరైనా కానీ, పెళ్లానికి చేరాల్సిన ఒక మాట చెప్పడానికి నాకు ఫోన్ చేశాడు. అది వినకుండా పెట్టేసింది నేను.