గుండీలు నమిలిన బావ

మా బావది ఓడరేవులో క్రేన్ నడిపే ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా పగలంతా నేలకు నలభై మీటర్ల ఎత్తున అద్దాల గదిలోనే ఉంటాడు. చూపు ఎప్పుడూ కింద వేలాడే కంటైనర్ మీదే. కుడిచేయి లివర్ వదలదు. ఎడమచేతికి మధ్యమధ్య తీరిక దొరుకుతుంది కాబట్టి దానికి తిండి పని అప్పగించాడు. తొడ పక్కన బిస్కెట్లు, చిప్స్. చేయి దానంతటదే వెళ్లి, తీసి, నోట్లో పెడుతుంది. కళ్లకు ఆ సంగతే తెలియదు. ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నా ఆ చేతికి డ్యూటీ దిగడం ఉండదు.

ఏడాదికోసారి జరిగే పరీక్షలో ఆయన బరువు నూట పదహారు తేలింది. పైకెక్కేటప్పుడు కట్టుకునే బెల్టు నూట పది కిలోల దాకానే ఆపుతుందట, అదీ బూట్లతో కలిపి. సేఫ్టీ ఆఫీసర్ మూడు నెలలు గడువిచ్చాడు. అప్పటికీ తగ్గకపోతే దించేసి గోదాంలో కూర్చోబెడతారు. బావకు ఇంకే పనీ రాదు, ఇంకే పనీ అక్కర్లేదు కూడా. దిగులుతో ఆ పూట భోజనం మానేశాడు. బిస్కెట్లు మాత్రం రెండు పొట్లాలు అయిపోయాయి.

మా అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మర్నాడు సాయంత్రం గిన్నెలో వేయించిన శనగలు పోసి బావ ముందు పెట్టింది. పక్క గిన్నెలో ఎవరిదో కోటుకు కుట్టాల్సిన గుండీలున్నాయి. టీవీలో ఆట రసపట్టులో ఉంది. టక్కుమని వినిపించేసరికి అక్క మిషను ఆపింది.

"ఏంటండీ అది?"

"శనగలు కాస్త గట్టిగా వేగినట్టున్నాయి."

"ఉమ్మండి."

అరచేతిలో రెండు గుండీలు పడ్డాయి, ఒకటి విరిగి.

"మొత్తం ఆరుండాలి. గిన్నెలో మూడే ఉన్నాయి. అంటే ఒకటి లోపలికెళ్లింది. కోటాయనకి ఏం చెప్పమంటారు? మా ఆయన రుచి చూశారనా?"

నేను పగలబడి నవ్వాను.

"కాలేజీ మానేసి తిని కూర్చునేవాడివి, నువ్వు నవ్వకురా" అన్నాడు బావ. అదీ నిజమే.

అక్కకు దారి దొరికింది అక్కడే. తిండి తగ్గించమని ఒక్క మాటా అనలేదు. రెండు చేతులూ కళ్లూ పనిచేస్తే తప్ప నోటిదాకా రాని వాటినే ఇంట్లో ఉంచింది. తొక్కతో ఉడికించిన వేరుశనగకాయలు, పెంకు తీయని గుడ్లు, నారింజలు. బల్ల దగ్గరే తినాలి, టీవీ కట్టేయాలి. క్రేన్ మీదికీ అవే డబ్బాలో పెట్టిచ్చింది. ఒక చేత్తో ఒలవడం కుదరదు కాబట్టి పని ఆగినప్పుడే తినేవాడు.

మొదటి వారంలోనే బావ ఒక ఎత్తు వేశాడు. "బావమరిదీ, ఆ కాయలు కాస్త ఒలిచి పెట్టరా. నీకు ఖాళీయేగా."

గిన్నెడు ఒలిచాను. అక్క వచ్చి ఆ గిన్నెను నా ముందుకే జరిపింది. "ఒలిచినవాడే తినాలి."

"ఇదెక్కడి న్యాయమే?"

"రేపు గోదాంలో కూర్చుని ఒలిపించుకుందురుగాని లెండి."

ఆ మాటతో బావ కాయ అందుకున్నాడు. కొన్నాళ్లకు ఒక్కో గింజనూ చూసి నమలడం, "ఇది తియ్యగా ఉందే" అనడం మొదలైంది. ఇరవై కాయలకే చాలనేవాడు. కడుపు నిండిందన్న కబురు ఆయనదాకా చేరడం అదే మొదటిసారేమో.

గడువు రోజున మెషీన్ నూట పది కిలోల నాలుగు వందల గ్రాములు చూపించింది. ఆఫీసర్ పాత స్నేహితుడే.

"బూట్లు విప్పి ఎక్కవయ్యా, ఎవరు చూడొచ్చారు?"

"పైకి బూట్లేసుకునే కదా ఎక్కేది" అని బావ దిగిపోయాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే నాకు ఒళ్లు మండింది. "పిచ్చా బావా? చేతికొచ్చినదాన్ని వదులుకుంటావా?"

"ఆఫీసర్ స్నేహితుడైతే మాత్రం, బెల్టు కాదుగా" అంది అక్క.

పది రోజులు బావ నేల మీద నిలబడి, ఇంకొకడు నడిపే క్రేన్‌కు చేతి సైగలిచ్చాడు. మెడ నొప్పి, చిరాకు. చిరాకెత్తినప్పుడల్లా కొట్టు దాకా వెళ్లి, బిస్కెట్లు చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. పదకొండో రోజు బూట్లతోనే నూట తొమ్మిదిన్నర. ఆఫీసర్ సంతకం పెట్టాడు.

పైకెక్కాక నాకు ఫోన్ చేశాడు. "సీటు ఎవడో ముందుకు జరిపి చచ్చాడ్రా, మోకాళ్లు తగులుతున్నాయి" అని విసుక్కున్నాడు. అంత సంతోషంగా ఆయన విసుక్కోవడం నేనెప్పుడూ వినలేదు.