వెల్మా కారుకు మంచం ఇనుప బ్రాకెట్టు

పాత ఇనుప మంచం నుంచి కోసిన యాంగిల్ ముక్కను వైస్‌లో బిగించి, ఓర్విల్ స్టబ్స్ ఆకురాయితో దాని అంచులు సాపు చేస్తున్నాడు. మంచం ఇనుముకు పొగరెక్కువ. కన్నాలు పెట్టేసరికి డ్రిల్లు బిట్లు మొద్దుబారాయి. ఓర్విల్ వాటిని విప్పాడు. సానపట్టి మళ్లీ బిగించాడు.

ఆయిల్‌డేల్ అనే చమురు బావుల ఊళ్లో ఆయన షెడ్డు పక్కదే నాది. నేను కార్ల సీట్లు కుడతాను. మధ్యలో ఉన్నది రేకు గోడే కాబట్టి ఆయన పనీ, ఆయన మౌనమూ రెండూ నాకు వినిపిస్తాయి. చమురు బావుల దగ్గర పైపులు వెల్డింగు చేసి అతికే పనిలో చేరి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. ఆయన అతుకు వేస్తే చీర అంచు కుట్టినట్టు ఉంటుంది. ఈ కథలో వచ్చిన ఇబ్బందంతా అదే.

ఆ ముక్కతో చేస్తున్నది వెల్మా లిండ్‌క్విస్ట్ కారుకు, నంబరు ప్లేటు నిలిపే బ్రాకెట్టు. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైంది. పంతొమ్మిది వందల ముప్ఫై రెండో సంవత్సరపు ఫోర్డు తుక్కుగా దొరికితే, మడ్‌గార్డులు పీకేసి, పెద్ద ఇంజను ఎక్కించి, పాతకాలం కుర్రాళ్లు రేసులకు తయారు చేసుకున్నట్టే హాట్ రాడ్ చేసుకుంది. ఏటా కొండ అవతల ఎండిన సరస్సు మీద ఆ కార్ల మేళా జరుగుతుంది. యాభైకి ముందు దొరకని వస్తువు ఒక్కటి కనబడినా కారును లోపలికి రానివ్వరు. గేటు దగ్గర హార్లన్ పెట్రీ ఉంటాడు, జేబులో అయస్కాంతంతో.

కిందటేడు ఆ అయస్కాంతం వెల్మా నంబరు ప్లేటు బ్రాకెట్టుకు అంటుకోలేదు. అది కేటలాగులో చూసి తెప్పించిన అల్యూమినియం సరుకు. కారంతా బాగుందని మెచ్చుకుని మరీ వెనక్కి పంపాడు హార్లన్. కొండ దాటి వెళ్లిన మనిషి, కొండ దాటి తిరిగొచ్చింది. ఈసారీ పంపితే కారు అమ్మేస్తానంది. వెల్మా ఊరికే అనే మనిషి కాదు.

ఓర్విల్ బ్రాకెట్టు రెండు కాళ్లూ, వాటి మధ్య అడ్డపట్టీ గ్యాసు మంటతో అతికాడు. ప్లేటు బిగించడానికి రెక్కల నట్లు పెట్టాడు. అప్పటి కుర్రాళ్లు అదే కారులో సరస్సుకు వెళ్లి, దీపాలూ ప్లేటూ చేత్తో విప్పి పక్కన పెట్టి పరుగెత్తించేవాళ్లు. సాయంత్రం మళ్లీ బిగించుకుని, సోమవారం దాంట్లోనే పనికి పోయేవాళ్లు. స్పానరు వెతుక్కునే తీరిక ఉండేది కాదు.

వెల్మా బ్రాకెట్టును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసింది.

"ఓర్విల్, ఇది పనికిరాదు."

"ఎక్కడ వంకర?"

"ఎక్కడా లేదు. అదే గొడవ. నగల కొట్టులోంచి తెచ్చినట్టుంది."

"అయితే?"

"అప్పట్లో దీన్ని చేసింది పంతొమ్మిదేళ్ల వెధవ. వాళ్ల నాన్న గ్యాసు టార్చి అడక్కుండా తీసుకుని, శనివారం రేసుకు శుక్రవారం మొదలెట్టేవాడు. హార్లన్ దీన్ని చూస్తే నిన్న చేసిందనేస్తాడు."

"నిన్న చేసిందే."

"నీతో వేగలేను బాబూ. కాస్త చెడగొట్టు."

ఓర్విల్ ఇంకో జత ముక్కలు కోసి, ఈసారి తొందరగా అతికాడు. చక్కగా వచ్చింది. మరో జత ఎడం చేత్తో అతికాడు. అదీ చక్కగానే వచ్చింది. దాన్ని కాసేపు చూసి, మంట చూడటానికి పెట్టుకునే నల్ల కళ్లద్దాలు తీసి వెల్మా చేతికిచ్చాడు.

"నువ్వు అతుకు."

"నాకు రాదుగా."

"అదే కావాలి."

మంట ఎంత దూరంలో పట్టుకోవాలో, కరిగిన ఇనుములో అతుకు కడ్డీ ఎప్పుడు ముంచాలో ఒక్కసారి చూపించాడు. తర్వాత చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. చూడటానికి నేనూ వెళ్లాను. వెల్మా వేసిన అతుకు కోళ్లు గీరిన నేలలా ఉంది. ఓర్విల్ జేబులు కదులుతున్నాయి గానీ, చేతులు మాత్రం బయటికి రాలేదు. అంత బాధలో ఉన్నాడు కాబట్టే, ఆవిడ ఎర్రటి ఇనుమును పక్కనున్న నీళ్ల బకెట్లో ముంచుతుంటే ఆపలేకపోయాడు.

చల్లారాక వైస్‌లో పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. అతుకు పక్కనే పెంకులా విరిగింది.

"నీళ్లల్లో ఎందుకు ముంచావు?"

"కాలుతోంది మరి."

"ఇప్పుడే కదా కాల్చావు. మంచం ఇనుము ముంచితే గాజైపోతుంది. ఇసకలో పెట్టి దాని మానాన దాన్ని వదిలెయ్."

"ఇందాకే చెప్పొచ్చుగా ముసలాడా."

"చెప్పాల్సింది."

రెండోదాన్ని ఇసకలో కప్పి కాఫీ తాగాం. అతుకు మొదటిదానికంటే ఘోరంగా ఉంది. ఓర్విల్ దాన్ని వైస్‌లో బిగించి సుత్తితో బాదాడు. తిప్పి మళ్లీ బాదాడు. నా షెడ్డు రేకులు మోగాయి. బ్రాకెట్టు అలాగే ఉంది.

"అందం లేకపోతే మానె," అన్నాడు. "ఊడకూడదు."

నల్లరంగు పూసి, ఆరాక కారుకు బిగిస్తుండగా హార్లనే వచ్చాడు. గొర్రెల కాపర్లుగా వలసొచ్చిన బాస్కుల హోటల్లో భోంచేసి ఇంటికి పోతూ మా షెడ్ల ముందు ఆగడం ఆయనకు అలవాటు.

"ఇక్కడే చూసెయ్," అంది వెల్మా. "వెనక్కి పంపేదుంటే కొండ ఇవతలే పంపు."

హార్లన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. అయస్కాంతం టక్కున అంటుకుంది. టార్చిలైటు వేసి అతుకులు చూశాడు. చాలాసేపు చూశాడు. వెల్మా తాళంచెవి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"యాంగిల్ ఎక్కడిది?"

"మంచం," అన్నాడు ఓర్విల్.

"మా అన్న కూడా మంచమే కోశాడు. మా అమ్మ ఇంట్లో లేనప్పుడు." లేచి జేబులోంచి పసుపు చీటీ తీసి స్టీరింగుకు కట్టాడు. "శనివారం పొద్దున్నే రా. లోపలికి పంపిస్తా." తర్వాత ఓర్విల్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు గానీ, అతుకులు చూశాను. చేతులు వణుకుతున్నాయా?"

అసలు సంగతి చెప్పడానికి వెల్మా నోరు తెరిచింది.

"వయసు," అన్నాడు ఓర్విల్. రెక్కల నట్టు ఇంకో చుట్టు బిగించి, ప్లేటు మీది వేలిముద్రలు గుడ్డతో తుడిచాడు. "అయిపోయిందమ్మా, కారు తియ్యి. దారికి అడ్డంగా ఉంది."